నలభై ఒక్క కంపెనీలు, ఒక్క లారీ

ఆర్మూర్‌లో పసుపు గురించి తెలిసినవాళ్ళు వెయ్యిమంది ఉంటారు. పసుపుకు తెలిసినవాడు మాత్రం గంగాదాస్ ఒక్కడే. బస్తా మూతి విప్పితే పైన కనపడే కొమ్ముల వైపు కన్నెత్తి చూడడు. పైన మంచివే ఉంటాయి, ఎవరైనా మంచివే పెడతారు. మోచేతి దాకా చెయ్యి దింపి, బస్తా అడుగు నుంచి ఒక కొమ్ము లాగి, చెవి దగ్గర పెట్టుకుని పుటుక్కున విరుస్తాడు. ఆ చప్పుడును బట్టి అది ఏ ఊరి పసుపో, ఎన్ని రోజులు ఎండిందో, లోపల ఎంత చెమ్మ ఉందో చెబుతాడు. ఇంకొంచెం బతిమాలితే, ఉడకబెట్టిన రోజున ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం కొట్లాడుకున్నారో లేదో కూడా చెబుతాడు. ఒకసారి ఆలూర్ రైతు తెచ్చిన కొమ్ము విరిచి, "నీ బోరు మోటరు రేపు కాలిపోతది, చూస్కో" అన్నాడు. మర్నాడు కాలిపోలేదు. ఆ మర్నాడు కాలిపోయింది. ఒక్క రోజు తేడా వచ్చినందుకు గంగాదాస్ వారం పాటు తల ఎత్తుకోలేదని మార్కెట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంత ఘనమైన ఆ కుడిచెయ్యి నిజానికి రూత్ సిస్టరమ్మ పుణ్యం.

ముప్పై ఆరేళ్ళ కిందటి మాట. గంగాదాస్ అప్పుడు ఇరవై రెండేళ్ళ హమాలీ. లారీ మీద నుంచి జారిన బస్తాల కింద చెయ్యి నలిగింది. చుట్టూ చేరినవాళ్ళంతా "తీసెయ్యాలె, తీసెయ్యాలె" అన్నారు, గోరు సంగతి చెప్పినంత తేలిగ్గా. ఊళ్ళో చిన్న దవాఖాన నడిపే నర్సు రూత్ ఎవరి మాటా వినలేదు. అతన్ని తన తెల్ల అంబాసిడర్ వెనక సీట్లో పడుకోబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో తానే తోలుకుంటూ హైదరాబాద్ పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. దారిలో ఒక్కచోటే ఆపిందట, అదీ అడ్డం వచ్చిన ఎద్దులబండి వాణ్ణి తీరిగ్గా తిట్టడానికి. చెయ్యి మిగిలింది. తర్వాత అదే చెయ్యికి స్టీరింగ్ పట్టడం కూడా ఆమే నేర్పింది.

ఇరవై ఏళ్ళ కింద ఆమె ఉద్యోగం చాలించి సొంత ఊరు నాగర్‌కోయిల్‌కు పోతూ, కారు తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

"గంగా, ఇది నీకిస్తలేను. నీ దగ్గర పెడుతున్న. నేను అడిగిన్నాడు తోలుకరావాలె."

"గీ చెయ్యి మీద ఒట్టు సిస్టరమ్మా!" అన్నాడు గంగాదాస్. ఇరవై ఏళ్ళు ఆమె అడగలేదు.

ఈ ఏప్రిల్ ఆరో తారీకున అడిగింది. ఎనభై ఒకటో ఏట కూడా ఆమె గొంతు ఫోన్లోంచి బయటికొచ్చి పెరట్లో కోళ్ళను తరిమింది.

"గంగా! మా చెల్లె మనుమరాలి పెండ్లి. ఇర్వై రెండో తారీకు పొద్దుగాల పదింటికి. పెండ్లిపిల్లను నా కార్లనే చర్చికి తీస్కపోత అని అందరికీ చెప్పిన. తోలుకరా!"

"తోలుకొస్త" అని గంగాదాస్ నోటి నుంచి వచ్చేసింది. ఫోన్ పెట్టేశాక వెళ్ళి కారును చూశాడు.

కారు ఇంటి వెనక పసుపు గోదాంలో ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా పసుపు దుమ్ము తాగి తాగి, తెల్లకారు కాస్తా నలుగు పెట్టిన పెళ్ళికూతురులా తయారైంది. ఏటా దసరాకు నడిపిస్తే పెర్కిట్ దాకా పోతుంది. అక్కడ ఒక చాయ్ హోటల్ ముందు ఆగిపోతుంది. ఏటా అదే హోటల్. అక్కడి చాయ్ అంటే దానికి అంత ఇష్టం. పోయిన రెండు దసరాలకు అది కూడా మానేసింది.

"ఫికర్ ఎందుకు బావా?" అన్నాడు బామ్మర్ది కాశీరాం. అతను దుబాయ్ నుంచి వచ్చి పది నెలలైంది. మళ్ళీ వీసా వచ్చేదాకా అక్కగారింట్లో సలహాలిచ్చే పనిలో ఉన్నాడు. "మన ఊరి ముందట హైవే ఉన్నది సూడు, గదే సక్కగ కన్యాకుమారి దాంక పోతది. నాగర్‌కోయిల్ గా పక్కనే. స్టీరింగ్ తాడుతోని కట్టేసి ఇడిసిపెడితే దానంతట అదే పోతది."

"నిన్ను బానెట్‌కు కట్టి ఇడిసిపెడత" అంది లక్ష్మీనర్సమ్మ. గంగాదాస్ పెళ్ళాం ఆమె, కాశీరాంకు అక్క. "పద్నాలుగు వందల కిలోమీటర్లు! బండి మీద ఎక్కిచ్చి పంపే కంపెనీలుంటయట, గవి జూడండ్రి."

కంపెనీని చూసే పని బిడ్డ పూర్ణిమ మీద పడింది. డిగ్రీ చదివే పిల్ల. ఫోన్లో ఏదో ఒక చోట బాపు నంబరు రాసి, 'కారు పంపాలి' అని ఒక్కసారి నొక్కింది. అంతే.

మొదటి గంటలో ముప్పై ఒక్క ఫోన్లు వచ్చాయి. సాయంత్రానికి కంపెనీల సంఖ్య నలభై ఒకటికి చేరింది. అన్నం తినేటప్పుడు ఫోన్, స్నానం చేసేటప్పుడు ఫోన్, మార్కెట్లో కొమ్ము విరిచేటప్పుడు ఫోన్. ఆ సెల్లు ఎంత వేడెక్కిందంటే లక్ష్మీనర్సమ్మ దాని మీద అప్పడం కాల్చింది. ఒకవైపే కాలింది, ఆ మాట నిజమే.

"సార్, మాది దేశంలోనే నంబర్ వన్" అనేవాడు ఒకడు.

"లారీ ఉన్నదా?" గంగాదాస్ అడిగేవాడు.

"నెట్‌వర్క్ ఉంది సార్."

"నెట్‌వర్క్ మీద కారు ఎక్కుతదా?"

ఇంకొకడు ఇంటి నుంచి ఇంటికి అన్నాడు. మరొకడు మూసిన డబ్బా లారీలో పంపుతామన్నాడు. గంగాదాస్ కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "మూసిన డబ్బలనా? చెమ్మ పడితే బూజు రాదా?" అన్నాడు. కారుకు బూజు పట్టదని చెప్పడానికి ఆ కుర్రాడు పావుగంట తంటాలు పడి, చివరికి తనకే అనుమానం వచ్చి ఫోన్ పెట్టేశాడు.

రెండో రోజు గంగాదాస్ చెవి పనిచేయడం మొదలుపెట్టింది. ఫోన్ చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకునేవాడు.

"పూర్ణిమా, రాసుకో. గీ భవానీ కంపెనీ గొంతు, పొద్దుగాల మాట్లాడిన గోల్డెన్ కంపెనీ గొంతు ఒక్కటే. నిన్నటి స్పీడ్ కంపెనీ గూడ వీడే, కాకపోతే అప్పుడు జలుబున్నది."

అలా లెక్క తేలిస్తే నలభై ఒక్క కంపెనీలకు గొంతులు పదకొండు. ఆ పదకొండిట్లో ఎనిమిది గొంతుల్లో చెమ్మ ఉందని గంగాదాస్ తీర్పు చెప్పాడు. అంటే లోపల పచ్చి, పైకి ఎండినట్టు కనబడతాయి. మిగిలింది మూడు.

ఇక్కడే గంగాదాస్ ఎవరూ చెయ్యని పని చేశాడు. ముప్పై ఏళ్ళుగా మార్కెట్లో శాంపిల్ చూడకుండా ఒక్క బస్తా కూడా కదలనియ్యని మనిషి. మూడు కంపెనీలకూ ఒకటే మాట చెప్పాడు: "శాంపిల్ చూపియ్యండి."

"కారు పంపడంలో శాంపిల్ ఏముంటుంది సార్?"

"ఎందుకుండదు? భీమ్‌గల్ దాంక ఒక సామాను తీస్కపోయి వాపస్ తేవాలె. గది మంచిగ వస్తే కారు మీదే."

పంపే సామానుగా కాశీరాంను ఎంచాడు. బరువులో కారంత కాకపోయినా, కారు లాగే ఎక్కడ పెడితే అక్కడే ఉంటాడు. అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీని కంపెనీ పంపిన బండికి తాళ్ళతో కట్టి, చేతిలో అంచుల దాకా మజ్జిగ పోసిన లోటా పెట్టారు. తిరిగొచ్చాక ఎంత మిగిలితే ఆ కంపెనీ అంత మంచిది. ఈ పరీక్ష కనిపెట్టినందుకు గంగాదాస్ రెండు రోజులు తన భుజం తానే తట్టుకున్నాడు.

మొదటి కంపెనీ, వీళ్ళ బాధ పడలేక, ఒక చిన్న ట్రాలీ బండిని పంపింది. కాశీరాం ఊరందరికీ చెయ్యూపుతూ భీమ్‌గల్ పోయొచ్చాడు. లోటా ఖాళీ. మీసం మాత్రం తెల్లగా ఉంది.

"ఒలికిందా, తాగినవా?" గంగాదాస్ గద్దించాడు.

"ఎండ బావా. నువ్వు కూసుంటే తెలుస్తది."

"తాగినవంటే బండి ఆగింది. నడిసే బండ్ల లోటా మూతికి అందది. మనకు చెప్పకుంట నడుమల బండి ఆపే కంపెనీ నాకద్దు."

రెండో కంపెనీ బండిలో లోటా నిండుగా తిరిగొచ్చింది. చుక్క తగ్గలేదు. గంగాదాస్ పొంగిపోయి కారు తాళం తియ్యబోతూ, అలవాటు కొద్దీ లోటాలో వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. మొహం మారింది. లక్ష్మీనర్సమ్మ మజ్జిగలో అల్లం దంచి వేస్తుంది. ఇందులో అల్లం లేదు, జీలకర్ర ఉంది.

"గిది మనింటి సల్ల కాదు! భీమ్‌గల్ హోటల్ సల్ల!"

కాశీరాం నేల చూపులు చూశాడు. "పోయేటప్పుడే మొత్తం ఒలికింది బావా. డ్రైవర్ బతిమాలిండు, నా నౌకరీ పోతదన్నడు. జాలేసింది."

"సరుకే కంపెనీతోని కలిసిపోయినంక ఇంగెవలను నమ్మాలె?" అని గంగాదాస్ తల పట్టుకున్నాడు.

ఇట్లా తారీకు పదిహేడు అయింది. పెళ్ళికి ఇంకా ఐదు రోజులే. లక్ష్మీనర్సమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండానే అంది:

"నువ్వు కంపెనీని చూస్తున్నవా, కారు పోకుంట చూస్తున్నవా?"

గంగాదాస్ గోదాంలోకి పోయి కారు బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. మార్కెట్ నుంచి వచ్చాక రోజూ కాసేపు ఆ స్టీరింగ్ ముందు కూర్చుంటాడని ఇంట్లో అందరికీ తెలుసు. సిస్టరమ్మకు మాట ఇచ్చిన చెయ్యి ఇదే, ఇప్పుడు తాళంచెవిని బిగించి పట్టుకుని వదలనిదీ ఇదే. ఆ సంగతి తలుచుకోగానే అతనికి తన మీద తనకే రోషం వచ్చింది. మూడో కంపెనీకి ఫోన్ చేశాడు. ఈసారి శాంపిల్ అడగలేదు. బస్తాలో చెయ్యి దింపినట్టు నేరుగా అడుగుకు పోయాడు.

"నువ్వు ఢిల్లీల కూసున్నవ్. నీ కింద ఎవలు?"

"నాగ్‌పూర్‌లో మా పార్ట్‌నర్ సార్."

నాగ్‌పూర్ వాడి కింద హైదరాబాద్ వాడు తేలాడు. హైదరాబాద్ వాడి కింద కామారెడ్డి వాడు, కామారెడ్డి వాడి కింద నిజామాబాద్ వాడు. నిజామాబాద్ వాడు నీళ్ళు నమిలి నమిలి చెప్పాడు: "లారీ మాది కాదన్నా. ముప్కాల్‌ల శోభారాణి అని ఒకామె ఉన్నది, ఆమెది."

అనుమానం కొద్దీ మిగిలిన పది గొంతులనూ అలాగే అడుగు దాకా తవ్వాడు. పూర్ణిమ రాసింది. ఏ బస్తా అడుగున చూసినా ఒకటే కొమ్ము దొరికింది: ముప్కాల్ శోభారాణి. నలభై ఒక్క కంపెనీలు కలిసి దేశమంతా తిరిగి, ఇంటికి ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఒక్క లారీని చూపించాయి.

మర్నాడు సాయంత్రం ఆ లారీ గోదాం ముందు ఆగింది. వెనక అంతా బల్లపరుపుగా, ఇనుప రేకులతో ఉంది. హైవే మీద చెడిపోయిన కార్లను ఎక్కించుకొచ్చే బండి. డ్రైవర్ సీట్లోంచి ముప్పై ఐదేళ్ళ మనిషి, కొంగు బొడ్లో దోపుకుని కిందికి దూకింది.

"గంగాదాస్ కాక అంటే నువ్వేనా? నిన్న పొద్దటి సంది ఆర్మూర్ కారు, ఆర్మూర్ కారు అని నాకు పదకొండు ఫోన్లొచ్చినయ్. పదకొండు కార్లున్నయని మస్తు సంబరపడ్డ. తీరజూస్తే ఒక్కటే!"

"ముందుగాల శాంపిల్..." అని గంగాదాస్ మొదలుపెట్టాడు. కాశీరాం అప్పటికే కుర్చీ తెచ్చి లోటా పట్టుకుని నిలబడ్డాడు.

"మనిషినైతే ఎక్కియ్య" అంది శోభారాణి. "నా బండి మీద పోయే సామాన్ల మనుషులు కూసుండద్దు. రూల్. అయినా కాక, శాంపిల్ నువ్వు చూసుడేంది? మోసేది నేను. నేను చూడాలె."

అంటూనే కారు కిందికి దూరింది. మోచేతి దాకా చెయ్యి పైకి పెట్టి ఒక్కొక్కటే లాగి బయట పడేసింది. ముందు ఒక ఎలుక గూడు వచ్చింది. గూటిలో రెండేళ్ళ కింద పోయిందనుకున్న గంగాదాస్ లుంగీ వచ్చింది. తర్వాత కిలో పసుపు, ఒక గరిటె వచ్చాయి. గరిటెను చూసి లక్ష్మీనర్సమ్మ "గిది నాదే!" అని లాక్కుంది. ఇంటి పనిమనిషిని అనుమానించి ఎన్నడూ నోరు జారనందుకు తనను తానే మెచ్చుకుంది, ఎందుకంటే ఆ ఇంట్లో పనిమనిషి లేదు. ఆఖరికి శోభారాణి ఇంజన్‌కు నీళ్ళు పోయే రబ్బరు పైపు ముక్క ఒకటి పట్టుకుని బయటికొచ్చింది. గంగాదాస్ చెవి దగ్గర పెట్టి విరిచింది.

పుటుక్.

రబ్బరు అట్లా విరగకూడదు. వంగాలి.

"చప్పుడు ఇన్నవా?" అంది. "మస్తు ఎండింది. పసుపైతే గ్రేడ్ వన్. కారైతే... నువ్వే చెప్పు కాక."

గంగాదాస్ ఎవరికైనా అబద్ధం చెప్పగలడు, చెవికి చెప్పలేడు. బస్తా పైన మెరిసే కొమ్ములు పెట్టి అడుగున చెత్త పోసే రైతును ముప్పై ఏళ్ళుగా నలుగురిలో నిలదీశాడు. ఇవాళ తన బస్తా అడుగు బయటపడింది. తోలుకొస్తానని ఒట్టు వేసిన కారు తోలేటట్టు లేదు.

"బాగు చేపియ్యాలంటే?"

"నెల. ఎక్కిస్తే ఇయ్యాల్నే బయలెల్లుత. మూడున్నర రోజులు. ఎక్కియ్యాల్నా, పోవాల్నా?"

గంగాదాస్ పిడికిలి తెరిచాడు. తాళంచెవి అరచేతిలో అచ్చు పడింది. "ఎక్కియ్యి బిడ్డా" అన్నాడు.

ఆమె ముందు కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసింది. ప్రతి సొట్ట దగ్గరా ఆగి "గిది పాతదేనా?" అని అడిగింది. ఒక్కో సొట్టకూ గంగాదాస్ ఒక్కో కథ చెప్పాడు. నాలుగో కథకు ఆమె ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ట్యాంకులో మిగిలిన పెట్రోల్ తీసేసి, బ్యాటరీ తీగలు విప్పి, నాలుగు చక్రాలనూ పట్టీలతో లారీకి బిగించింది. గంగాదాస్ సంచీ సర్దుకుని కారులోకి ఎక్కబోయాడు.

"రూల్ కాక! ముంగట కూసో, నా పక్కన."

ఆ మూడున్నర రోజులూ గంగాదాస్ అద్దంలో వెనక కారునే చూస్తూ, లారీ ఎప్పుడు వంపు తిరిగినా లేని స్టీరింగ్ తిప్పుతూ, లేని బ్రేకు తొక్కుతూ ప్రయాణం చేశాడు. అనంతపురం చేరేసరికి కాలి కింద చాప చిరిగింది. సేలంకు రేకు కనబడింది. మదురై దాటాక కింద రోడ్డు కూడా కనబడిందని కాశీరాం చెబుతాడు. అతను బండిలో లేడు, అయినా చెబుతాడు.

ఇరవై రెండో తారీకు పొద్దున తొమ్మిదింటికి నాగర్‌కోయిల్‌లో రూత్ సిస్టరమ్మ ఇంటి ముందు లారీ ఆగింది. తెల్లచీరలో పెళ్ళికూతురు గుమ్మంలో నిలబడి ఉంది. సిస్టరమ్మ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది.

"గింత ఆల్షమా గంగా? నాలుగు రోజుల సంది రోడ్డు మీద కండ్లు పెట్టుకొని కూసున్న!"

ఆమె కారు వైపు చూడలేదు. అతని కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటీ మడిచి తెరిచి చూసింది. పసుపు పట్టిన గోళ్ళు చూసి తల ఊపింది. అప్పుడు కర్రతో కారును చూపించింది.

"కిందికి దించి స్టార్ట్ చెయ్."

గంగాదాస్ తాళంచెవిని జేబులోంచి తీసి, మళ్ళీ లోపల పెట్టాడు. "సిస్టరమ్మా... గిది నడువది. తోలుకరాలే. మోసుకొచ్చిన. మాట తప్పిన."

 ఆమె కర్రతో అతని మోకాలి మీద టక్కున కొట్టింది.

"ఆ దినం నీకు చెయ్యి నలిగింది. కాళ్ళకేమన్న అయిందారా? అయినా నిన్ను పండవెట్టి మోసుకపోలేదా? నువ్వు నడిసినవా?"

 ఆమె శోభారాణి వైపు తిరిగింది. "దించకు బిడ్డా. గట్లనే పోనియ్యి చర్చికి. మేమే ఎక్కుతం."

శోభారాణి మొహం బిగిసింది. "మనుషులు కూసుండద్దమ్మా, రూల్..." అంటూ ఆగింది. సామాను అందినట్టు సంతకం పెట్టే కాగితం తీసి సిస్టరమ్మకిచ్చింది. ఆమె 'బాగానే ఉంది' అని రాసి సంతకం చేసింది.

"అయిపాయె" అంది శోభారాణి. "సంతకం అయినంక అది సామాను కాదు. ఇప్పుడు నేను మోసేది ఊరేగింపు. ఊరేగింపుకు రూల్స్ లేవ్. కాక, ఎక్కు, హారన్ నొక్కేటోడు కావాలె!"

బ్యాటరీ తీగలు తగిలించారు. కుర్చీ వేసి సిస్టరమ్మను, పెళ్ళికూతురును ఎక్కించి వెనక సీట్లో కూర్చోబెట్టారు. లారీ నడక వేగంతో కదిలింది. లారీ మీద కారు, కారులో గంగాదాస్ స్టీరింగ్ తిప్పుతూ, ప్రతి మలుపులో చెయ్యి బయటపెట్టి సైగ చేస్తూ, హారన్ నొక్కుతూ. హారన్ మాత్రం ముప్పై ఆరేళ్ళ కింద ఎట్లా మోగిందో అట్లాగే మోగింది. బజార్లో బస్సులు ఆగాయి. సిస్టరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, అడ్డం వచ్చిన ప్రతివాణ్ణీ అచ్చమైన ఆర్మూర్ తెలుగులో తిట్టింది. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ దీవెనలనుకుని దండం పెట్టారు.

పదికి ఐదు నిమిషాలుండగా చర్చి చేరారు. పెళ్ళికూతురు దిగి నాలుగు అడుగులు వేసింది. వెనక ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు. ఇరవై ఏళ్ళ పసుపు సీటు వదిలి ఆమె చీర వెనక భాగమంతా ఎక్కింది. ముందు నుంచి తెలుపు, వెనక నుంచి పసుపు.

"ఏం కాదు, నడువు" అంది సిస్టరమ్మ. "మా ఆర్మూర్‌ల గిట్లనే చేస్తరు."

పెళ్ళి భోజనం అయ్యాక గంగాదాస్ తాళంచెవి ఆమె ముందు పెట్టాడు. ఆమె దాన్ని వెనక్కి తోసింది.

"నా ఇంటికాడ జాగ యాడున్నది? తీస్కపో. నూరేండ్లు నిండినంక మళ్ళ అడుగుత. అప్పటికి స్టార్ట్ కావాలె."

గంగాదాస్ లారీలో, చిరిగిన చాప మీద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరు దాటుతుండగా ఫోన్ మోగింది. కొత్త గొంతు.

"సార్, ఆర్మూర్ నుంచి నాగర్‌కోయిల్‌కు కారు పంపాలన్నారు కదా, మాది దేశంలోనే నంబర్ వన్ కంపెనీ."

"పంపిన. ఇప్పుడు వాపస్ ఆర్మూర్‌కు పంపాలె. లారీ ఉన్నదా?"

"ఎందుకు లేదు సార్? మంచి లారీ. ఒక్క నిమిషం లైన్లో ఉండండి."

గంగాదాస్ లైన్లోనే ఉన్నాడు. నిమిషం తిరగకముందే పక్కన శోభారాణి ఒళ్ళో ఫోన్ మోగింది.